కత్తి ఒరకి లోపల చెక్క తప్పనిసరా? మందపాటి తోలు ఒక్కటే చాలదా?

కోటగుమ్మం (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. 13వ శతాబ్దపు ఐరోపా నైట్ల కత్తికి నకలు ఒకటి నా దగ్గరుంది. డెహ్రాడూన్‌లో తయారైంది, పదును పెట్టనిది. పిడి కాకుండా 80 సెంటీమీటర్ల పొడవు, పిడి దగ్గర 5 సెంటీమీటర్ల వెడల్పు. ఒర లేకుండా కొన్నాను. సొంతంగా చేసుకుందామని బయల్దేరితే మొదటి అడుగులోనే పంచాయితీ.

మా వీధి వడ్రంగి "రెండు పలకలు తొలిచి అతికించి పైన తోలు కప్పుదాం బాబూ, ఒర అంటే అదే" అంటున్నాడు. బ్యాగులు కుట్టే ఆయనేమో "నాలుగు ఎమ్మెమ్ తోలు తడిపి కత్తి మీదే బిగించి కుట్టేస్తాను, మధ్యలో చెక్క దేనికండీ?" అంటున్నాడు.

గోడకి తగిలించే బొమ్మ కాదు నాకు కావాల్సింది. నడుముకి కట్టుకుని తిరగాలి, దూసి మళ్ళీ పెట్టాలి. గోదావరి పక్క తేమ సంగతి చెప్పక్కర్లేదు. అప్పట్లో అక్కడివాళ్ళు ఏం చేశారు, ఇప్పుడు ఇక్కడ మనకి ఏది నయం? రెండిటికీ జవాబు కావాలి.

హరి_లాంగ్‌పాయింట్ (కొలంబస్, ఒహాయో)

చెక్కే. ఇందులో చర్చించడానికి ఏముందో నాకు తెలియదు.

మా కత్తిసాము క్లబ్బుకి కొత్తవాళ్ళు చాలామంది తోలు ఒరతోనే వస్తారు. ఫ్యాక్టరీ నకళ్ళతో వచ్చేవి ఎక్కువగా అవే కదా. కుర్చీలో కూర్చోగానే ఒర మధ్యలో వంగుతుంది. దూస్తుంటే తోలు కూడా కత్తితో పాటు పైకి వస్తుంది, ఎడమ చేత్తో లాగి పట్టుకోవాలి. తిరిగి పెట్టేటప్పుడు ఇంకా చిరాకు: మూతి మూసుకుపోయి ఉంటుంది, వేళ్ళతో తెరవాలి. మొన వెళ్ళి లోపలి కుట్టుని గీరుతుంది. కొన్నాళ్ళకి దారం తెగి, మొన పక్కనుంచి బయటికి తొంగిచూస్తుంది.

చెక్క అనగానే తలుపు చెక్క ఊహించుకోకండి. ఒక్కో పలక రెండు మూడు మిల్లీమీటర్లు, అంతే. పైన పల్చటి తోలు. చేతిలో పట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది.

జర్మనీలో నౌంబుర్గ్ చర్చిలో 13వ శతాబ్దం మధ్యలో చెక్కిన దాతల విగ్రహాలున్నాయి, చూడండి. వాళ్ళలో ఒకడైన ఎక్కెహార్ట్ ముందు ఒరలో కత్తి నిలబెట్టి ఉంటుంది, చుట్టూ బెల్టు చుట్టి. ఒర నిటారుగా, అంచులు తీరుగా ఉన్నాయి. ఒట్టి తోలు అలా నిలబడదు.

తోలుసంచి (చెన్నై)

రాతి విగ్రహం నిటారుగా ఉండక వంగుతుందా హరి గారూ?

నేను తోలు వ్యాపారంలో ఉన్నవాణ్ణి కాబట్టి నాది పక్షపాతమే అనుకోండి. మీరు చూసినవి చెత్త తోలు ఒరలు. పొట్ట భాగం తోలు, సాగిపోయే తోలు, పైన రంగు కొట్టి అమ్మేవి. అదే గేదె తోలు వెన్ను భాగం నుంచి కోసి, చెట్టు బెరడుతో పదును చేసినది (అంటే కుళ్ళకుండా ఊనినది) తీసుకుని, తడిపి, కత్తికి ప్లాస్టిక్ చుట్టి దాని మీద బిగించి ఆరబెట్టండి. గట్టిగా అట్టలాగా నిలుస్తుంది. వేడి తేనెమైనం పట్టిస్తే ఇంకా బిగుస్తుంది. మూతి దగ్గర రెండో పొర వేస్తే మూసుకుపోయే సమస్యే ఉండదు.

పైగా లండన్‌లో థేమ్స్ ఒడ్డు తవ్వకాల్లో మధ్యయుగపు తోలు ఒరలు లెక్కలేనన్ని దొరికాయి. చెక్క లేదు, ఒట్టి తోలే. చరిత్ర కూడా మా వైపే ఉందండోయ్.

చెక్క కిందపడితే పగులుతుంది. అతుకు విడిపోతుంది. తోలు పడితే మళ్ళీ తీసుకుని కట్టుకోవడమే.

పాతరాతలు (హైదరాబాద్)

లండన్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. థేమ్స్ ఒడ్డున దొరికిన ఒట్టి తోలు తొడుగుల్లో ఎక్కువ భాగం చాకులవి, బాకులవి. రోజూ అన్నం ముందు తీసే చాకు తొడుగు అది. జానెడు చాకుకి తోలు చాలు, అక్కడ ఎవరికీ పేచీ లేదు. మీటరుకి దగ్గరగా ఉండే కత్తికి దాన్ని సాక్ష్యంగా తేకూడదు.

పొడుగు కత్తుల విషయంలో దొరికినవన్నీ చెక్కనే చూపిస్తాయి అనడం అతి అవుతుందేమో కానీ, ప్రధాన పద్ధతి మాత్రం చెక్కే. ఇంగ్లండ్‌లో సటన్ హూ ఓడ సమాధి (7వ శతాబ్దం, తవ్వింది 1939లో) కత్తి ఒర చెక్కతో చేసి, లోపల గొర్రె బొచ్చు పరిచింది. వియన్నాలో పవిత్ర రోమన్ సామ్రాజ్యపు రాజఖడ్గం ఉంది కదా, దాని ఒర 11వ శతాబ్దానిది. బయట బంగారు రేకుల మీద చార్లమేన్ మొదలుకుని పద్నాలుగు మంది పాలకుల బొమ్మలు, లోపల ఆలివ్ చెక్క. రాజుల సొత్తు మామూలు సైనికుడికి ప్రమాణం కాదంటారా, సరే. కానీ నిర్మాణం అదే: లోపల చెక్క, పైన స్తోమతని బట్టి తోలో, బట్టో, బంగారమో.

ఇంకో సంగతి. అప్పట్లో కత్తి చేసేవాడు ఒర చేసేవాడు కాదు. 1260లలో పారిస్ నగరాధికారి ఎటియెన్ బొయిలో వృత్తుల కట్టుబాట్లు రాయించినప్పుడు ఒరలు చేసేవాళ్ళకి విడిగా చోటిచ్చారు. అంత నేర్పున్న పని.

తోలుసంచి (చెన్నై)

చాకుల మాట ఒప్పుకుంటాను. చరిత్రలో మీదే పైచేయి. కానీ ఆయన అడిగిన రెండో ప్రశ్న అలాగే ఉంది. రాజమండ్రిలో ఆలివ్ చెక్క ఎక్కడ దొరుకుతుంది?

ఉలిపట్టు (విజయవాడ)

ఆలివ్ అక్కర్లేదు. అక్కడివాళ్ళు కూడా ఎక్కువగా పాప్లర్, విల్లో, బీచ్ లాంటి మామూలు చెక్కలే వాడారు. మనకి కావాల్సిన గుణాలు మూడే: తేలిక, సూటి పోగు, ఇనుముతో గొడవ పెట్టుకోకపోవడం.

మూడోది ముఖ్యం. ఓక్ చెక్క జోలికి పోవద్దు, దాన్నుంచి ఎసిటిక్ ఆమ్లం ఆవిరి వస్తూనే ఉంటుంది. మ్యూజియంలవాళ్ళు లోహపు వస్తువులున్న బీరువాల్లో ఓక్ పెట్టరు. మన తుమ్మ కూడా వద్దు. తోళ్ళు ఊనడానికి వాడే చెట్టు అది, పక్కన పెట్టిన ఇనుము నల్లబడి పాడవుతుంది.

కొండపల్లి బొమ్మలకి వాడే తెల్ల పొణికి చాలామంది సూచిస్తారు. చాకుతో వెన్నలా తెగుతుంది నిజమే, కానీ మూడు మిల్లీమీటర్ల పలకగా చేస్తే బెల్టు లాగే చోట నిలవదు. ఏటికొప్పాక అంకుడు కర్ర మంచిదే, అయితే ఆ చెట్టు చిన్నది, 85 సెంటీమీటర్ల సూటి పలక దొరకడం కష్టం. నా ఓటు గుమ్మడి టేకుకి. తేలిక, పగుళ్ళు తక్కువ, అడితిలో అడిగితే దొరుకుతుంది.

పని ఇలా. ఎనిమిది మిల్లీమీటర్ల పలకలు రెండు తీసుకోండి. కత్తిని పలక మీద పెట్టి పెన్సిలుతో గీయండి, గీత లోపల అరవంపు ఉలితో తొలవండి. ఐరోపా కత్తికి మధ్యలో గాడి ఉంటుంది, అంచులు పల్చన, కాబట్టి గుంట అడుగు కొంచెం వంపుగా రావాలి. ఎక్కడ తగులుతుందో తెలియాలంటే కత్తికి సుద్దపొడి పూసి పెట్టి తీయండి, పొడి అంటిన చోటే గీకండి. లోపలి పని పూర్తయ్యాకే బయట చిత్రిక పట్టాలి. ముందే బయట పల్చన చేస్తే, తొలిచేటప్పుడు ఉలి అవతలికి దిగుతుంది.

రెండు పలకలు అతికించాక తలకిందులు చేస్తే కత్తి జారిపడకూడదు, ఊపితే గలగలమనకూడదు. పట్టు మూతి దగ్గర రెండంగుళాల్లోనే ఉండాలి, మిగతా పొడవంతా వదులు. పొడవంతా బిగిస్తే వానాకాలంలో ఇద్దరు మనుషులు లాగాలి.

కోటగుమ్మం (రాజమండ్రి)

ఉలిపట్టు గారూ, ఇంతకంటే ఏం కావాలి! జిగురు ఏది? ఇంట్లో తెల్ల జిగురు డబ్బా ఉంది.

ఉలిపట్టు (విజయవాడ)

తెల్ల జిగురు బలంగానే అతుకుతుంది, కానీ పాతబడుతూ అది కూడా ఆమ్లం వదులుతుంది. మూసిన గొట్టంలో అది నాకిష్టం లేదు. పాతకాలం వడ్రంగులు తోళ్ళు కాచి తీసిన జిగురుని వజ్జరం అనేవాళ్ళు, ఐరోపాలోనూ అలాంటిదే వాడారు. వేడి నీళ్ళు తగిలితే వదులుతుంది, అంటే ఎప్పుడైనా విప్పి బాగుచేయొచ్చు. కొండపల్లివాళ్ళ చింతగింజల జిగురు కూడా ప్రయత్నించొచ్చు గానీ, మీ ఊరి తేమకి బూజు భయం.

గోడమీది_కత్తి (విశాఖ)

మీరంతా చెక్కా తోలా అని కొట్టుకుంటున్నారు. అసలు ఒరలో కత్తి దాచడమే తప్పు అని ఒక్కరూ అనరేం? సముద్రం పక్కన ఉన్నవాణ్ణి చెప్తున్నాను, తోలు ఒరలో వదిలేసిన కత్తి వానలు వెళ్ళాక తీస్తే బ్లేడు పొడవునా నల్ల చారలు, మధ్యమధ్య ఎర్ర పొక్కులు. ఒర బయటికి వెళ్ళేటప్పుడు తొడుక్కునే చొక్కా లాంటిది. ఇంట్లో కత్తికి నూనె రాసి గాలి తగిలే చోట పెట్టుకోవాలి.

తోలుసంచి (చెన్నై)

ఆ నల్ల చారల కథ చెప్తాను, మా వృత్తిలో ఇది మొదటి పాఠం. బెరడుతో పదును చేసిన తోలులో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. మన దగ్గర తంగేడు బెరడు, తుమ్మ బెరడు, కరక్కాయతో ఊనతారు. టానిన్‌కి తడి ఇనుము తగిలితే నలుపు వస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు వచ్చేది ఇలాగే: కరక్కాయలో నానిన బట్ట మీద, బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము ఊరబెట్టిన ద్రవం. మీ కత్తి మీద జరిగిందీ అదే. పైగా తోలు స్వభావమే కొంచెం పులుపు, పీహెచ్ సుమారు 3.5 నుంచి 5 లోపు.

క్రోమ్ తోలు (బెరడు బదులు క్రోమియం లవణాలతో ఊనినది) వాడితే టానిన్ ఉండదు, కానీ లవణాలు మిగిలుంటాయి, అవి తేమని పిలుస్తాయి. పైగా మెత్తన, ఆకారం నిలవదు. ఇత్తడి తొడుగు వేస్తే తోలులోని కొవ్వుకి పచ్చటి మైనంలా చిలుం పడుతుంది, అది మాత్రం తుడిస్తే పోతుంది.

కాబట్టి తోలు పక్షాన ఉంటూనే చెప్తున్నాను: తోలు ఒరలో కత్తి నిల్వ పెట్టొద్దు. వాడుకుని, ఇంటికి రాగానే తీసేయండి.

పాతరాతలు (హైదరాబాద్)

తోలులో వద్దు, సరే. "ఏ ఒరలోనూ వద్దు" అన్నదానికి మాత్రం జపాన్ అడ్డం వస్తుంది. అక్కడా వానాకాలం ఉక్కపోతే. అయినా కత్తులు నిల్వ పెట్టేది ఏ రంగూ వేయని హోనోకి (అక్కడి మాగ్నోలియా జాతి చెట్టు) చెక్క ఒరలోనే. బాగా ఎండిన చెక్క, అన్నం మెదిపి చేసిన జిగురుతో అతుకు. లోపల తుప్పో మురికో చేరితే అతుకు విప్పి శుభ్రం చేసి మళ్ళీ అతికిస్తారు. చెక్క దోషం కాదండీ, తడి చెక్క దోషం, నూనె రాయని కత్తి దోషం.

హరి_లాంగ్‌పాయింట్ (కొలంబస్, ఒహాయో)

అదీ మాట. కోటగుమ్మం గారూ, లోపల గొర్రె బొచ్చు కూడా వేయండి. ఉన్నిలో లానోలిన్ అనే సహజమైన జిడ్డు ఉంటుంది, కత్తి పెట్టినప్పుడల్లా దానంతట అదే నూనె రాసినట్టు. సటన్ హూ వాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు.

ఉలిపట్టు (విజయవాడ)

వద్దు వద్దు. ఒహాయోలో చలికాలం హీటరు వేస్తే గాలి ఎండుతుంది, మీకు చెల్లుతుంది. ఇక్కడ ఆగస్టులో ఉన్ని తడిగుడ్డే. పైగా లోపల బొచ్చు పరిచారనుకోండి, అది తడిసిందో ఎండిందో ఎలా తెలుస్తుంది? ఒక్కోవైపు రెండు మిల్లీమీటర్ల చొప్పున ఒర లావు కూడా పెరుగుతుంది.

తోలుసంచి (చెన్నై)

అంతకంటే పెద్ద చిక్కు: బజార్లో దొరికే గొర్రె తోలు బొచ్చుని సబ్బునీళ్ళలో కడిగి, క్రోమ్ పట్టించి అమ్ముతారు. లానోలిన్ అంతా అక్కడే పోతుంది. మిగిలేది ఉట్టి స్పాంజి. హరి గారూ, మీ క్లబ్బులో వేసుకున్నది కూడా అదే అయ్యుంటుంది.

హరి_లాంగ్‌పాయింట్ (కొలంబస్, ఒహాయో)

కడగని ఉన్ని గొర్రెల ఫారం నుంచి తెస్తాం సార్. వాసన భరించలేం, అది వేరే సంగతి. రాజమండ్రికి వద్దంటే వద్దు. మూతి దగ్గర మాత్రం కొంచెం వేసినా పట్టు బాగుంటుంది.

మోడరేటర్

పొడుగు కత్తులకి లైసెన్సు గురించి వచ్చిన మూడు పోస్టులు చట్టం విభాగానికి మార్చాను. ఇక్కడ ఒర గురించే మాట్లాడండి. జపాన్ మాట ఇంక పొడిగించొద్దు.

తోలుసంచి (చెన్నై)

చెక్క మీద తోలు ఎక్కించడం కూడా నాలాంటివాడి పనే కాబట్టి అది చెప్పి తప్పుకుంటాను. నాలుగు ఎమ్మెమ్ తోలు వద్దు, చెక్క మీదకి ఒకటి, ఒకటిన్నర చాలు. మేక తోలు బాగుంటుంది. చుట్టుకొలత కంటే రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ కోయండి, తడిపితే సాగి వస్తుంది. అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కించొద్దు, వెనక మధ్యలో ఎదురెదురుగా ఆనించి కుట్టాలి. ఆరెతో (తోలుకి చిల్లులు పొడిచే మొనదేలిన పనిముట్టు) పొడిచేటప్పుడు తోలు అవతలికి దించకుండా, లోపలి ముఖం నుంచి అంచు మందంలోకి వంకరగా తీయండి. అప్పుడు దారం పైకి కనబడదు, అంచులు ఎగుడుదిగుడు లేకుండా కలుస్తాయి. మైనం పట్టించిన నార దారం. తడి మీదే పురికొస చుట్టి ఆరనిస్తే ఆ గీతలు తోలు మీద అందంగా నిలుస్తాయి. తోలు పూర్తిగా ఆరేదాకా లోపల కత్తి పెట్టొద్దు, ప్లాస్టిక్ చుట్టినా సరే.

మూతి దగ్గర, కత్తి అడ్డకమ్మీ మీదకి వచ్చేలా చిన్న తోలు రెక్క వదలండి. 14, 15 శతాబ్దాల కత్తులకి అది వాన నీరు లోపలికి దిగకుండా ఉండేది. మీది 13వ శతాబ్దం అని పాతరాతలు గారు ఒప్పుకోకపోవచ్చు.

పాతరాతలు (హైదరాబాద్)

ఒప్పుకోను. కానీ గోదావరి వానకి శతాబ్దం తెలియదు కాబట్టి పెట్టుకోమనండి.

కోటగుమ్మం (రాజమండ్రి)

నా నిర్ణయం: గుమ్మడి టేకు, వజ్జరం, పైన మేక తోలు, లోపల ఏమీ లేదు. ఇంట్లో కత్తి బయటే. వడ్రంగికి చెప్పాను, గెలిచినట్టు నవ్వాడు. బ్యాగులాయన తోలు ఎక్కించడానికి ఒప్పుకున్నాడు గానీ ఎదురెదురు కుట్టు చేయనంటున్నాడు, పైకెక్కించి కుడతానంటున్నాడు. ఏం చేయమంటారు?

తోలుసంచి (చెన్నై)

ఆయనకి నా పోస్టు చూపించండి. ఒప్పుకోకపోతే ముక్కలు రెండు కోసి మీరే కుట్టి చూడండి, మూరెడు కుట్టేసరికి చేయి అలవాటవుతుంది. ఒర అయ్యాక ఒక వానాకాలం వాడి, అతుకు ఎక్కడైనా విడిందేమో చెప్పండి. అప్పటిదాకా నేను ఒట్టి తోలు పక్షమే.