ఊరపిచ్చుకా, ఊరబిచ్చుకా?

పాలపిట్ట: ఉగాది ముందు నుంచి రోజూ పొద్దున్నే మేడ మీద కూర్చుని మా వీధికి వచ్చే పిట్టల పేర్లు నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. మార్చి 20, పిచ్చుకల దినోత్సవం నాడే అయిదు పిచ్చుకలు కనిపించాయి, అదీ రెండేళ్ళ తర్వాత. సంబరంగా పేరు రాయబోయి ఆగిపోయాను. చిన్నప్పుడు తాతయ్య అమరం (సంస్కృత నిఘంటువు అమరకోశం) వల్లె వేయిస్తూ "చటకః కలవింకః స్యాత్" (చటకం, కలవింకం రెండూ పిచ్చుక పేర్లే) అని, ఆ ఊపులోనే "ఊరబిచ్చుక" అనేవారు. బి అనే విన్నాను, పి కాదు. ఆ తర్వాతి ముక్క మాత్రం ఎంత తలచుకున్నా రావట్లేదు. ఎవరికైనా గుర్తుందా? నేను పి రాయాలా, బి రాయాలా?

అరసున్న: "తస్య స్త్రీ చటకా తయోః", దాని ఆడది చటక అని. మీ తాతగారు అన్నదే సరైనది. ఊరన్ (ఊళ్ళో) అనేది సప్తమి, ద్రుతాంతం, అంటే చివర న్ ఉన్న మాట. దాని తర్వాతి పరుషం (క చ ట త ప) సరళంగా (గ జ డ ద బ) మారే సరళాదేశం వచ్చి ఊరఁబిచ్చుక అవుతుంది, మధ్యలో అరసున్న (ఁ) ఉండాలి. వ్యాకరణం రాసిన చిన్నయసూరి సూత్రం అందరికీ తెలిసిందే, మళ్ళీ రాయను.

గోదారొడ్డు: సమాసంలో పరుషం మారింది కాబట్టి ఇది గసడదవాదేశం (క చ ట త ప బదులు గ స డ ద వ రావడం) కూడా కావచ్చు కదండీ?

అరసున్న: గసడదవాలైతే ప స్థానంలో వ రావాలి, ఊరవిచ్చుక అనాలి. అలా ఎవరన్నా అనగా విన్నారా?

ఖమ్మం టీచరు: సూత్రం సరే, మరి ఊరకుక్క, ఊరపంది అంటున్నామే, అక్కడ సరళం ఏమైంది? జనం నోట్లో ఊర అన్నది ఎప్పుడో విశేషణం అయిపోయింది. అడవిపంది కానిది ఊరపంది, అలాగే అడవిపిచ్చుక కానిది ఊరపిచ్చుక. ద్రుతం సంగతి తెలియకుండానే అందరూ హాయిగా పి అంటున్నారు. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకు నేను పి అనే చెబుతున్నాను, మార్చను.

అరసున్న: "ఇంట గెలిచి రచ్చ గెలువు"లో ఇంట ఉంది చూడండి, అది కూడా సప్తమే. పాత పద్ధతిలో ఇంటఁ గెలిచి అని రాసేవారు. ఇప్పుడు మనం అరసున్న వదిలేశాం గానీ ఆ గ మాత్రం అలాగే నిలిచింది.

ఖమ్మం టీచరు: గెలుచు అసలే గకారంతో మొదలయ్యే మాట. అక్కడ ఏ పరుషం సరళం అయింది మాస్టారూ?

అరసున్న: నిజమే, ఆ ఉదాహరణ పనికిరాదు. ఒప్పుకుంటున్నాను. సప్తమి అన్న మాట మీద మాత్రం ఉన్నాను.

గోదారొడ్డు: నాకు వేరే ఆలోచన ఉంది. గుమ్మం ముందు వాలి, చేటలో చెరిగిన నూకల కోసం ఇల్లిల్లూ తిరిగే పిట్ట అది. ఊర బిచ్చమెత్తుకునేది కాబట్టి బిచ్చుక. మా అమ్మమ్మ చూరుకి వరికంకుల కుచ్చు కట్టి "వాటి వాటా వాటికి" అనేది.

కలవింకం: బిచ్చం భిక్ష నుంచి వచ్చింది. ఊర తీసేస్తే ఒట్టి బిచ్చుక ఎక్కడైనా ఉందా? లేదు. అంటే బి ఆ సమాసంలోనే పుట్టింది, ఈ ఒక్క విషయంలో అరసున్నగారితో ఏకీభవిస్తాను. ఇక అమరంలో అసలు అందం ఆ తర్వాతి పాదంలో ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. "పుమపత్యే చాటకైరః స్త్ర్యపత్యే చటకైవ హి". మగపిల్లకి చాటకైరుడని వేరే పేరు, ఆడపిల్లకి తల్లి పేరే. చివరి ఆ ఐర అనే ప్రత్యయం కోసం పాణిని "చటకాయా ఐరక్" అని ప్రత్యేకంగా ఒక సూత్రమే చేశాడు. ఒక్క పిచ్చుక పిల్ల కోసం!

విశాఖ కొండ: పాలపిట్టగారూ, మీరు చూసినవి పిచ్చుకలేనా అన్నది నా సందేహం. వానలకు ముందు గిజిగాడికి పసుపు రంగు ఉండదు, మగది కూడా అచ్చం ఆడపిచ్చుకలాగే కనిపిస్తుంది. ఇంకో మాట, మా వైపు తూర్పు కనుమల్లో ఇంకో రకం ఉంది. నెత్తి మొత్తం ఇటుక రంగు, తెల్లటి బుగ్గ మీద నల్ల చుక్క, ఆడా మగా ఒకేలా ఉంటాయి. హిమాలయాలు, ఈశాన్యం వదిలితే అది ఇలా ఇక్కడ మిగిలింది. కొండ ఊళ్ళలో ఇళ్ళ దగ్గరే తిరుగుతుంది, మరి దాన్ని ఊరపిచ్చుక అనకూడదా?

వినుకొండ: గిజిగాడు అనగానే జాషువా గుర్తుకు రాకుండా ఎలా! ఆ పిట్ట మీది ఖండికలో ఆయన "గిజిగాడ నీడజా" అని పిలుస్తాడు. మా స్నేహితుడు అది అచ్చుతప్పు, గిజిగాడా అనుండాలి అని వాదిస్తాడు. ఉత్పలమాలలో అక్కడ రగణం పడాలి, గాడ నీ అంటేనే గురువు, లఘువు, గురువు. గాడా నీ అంటే గణం చెడుతుంది. అదే పాదంలో పులుంగుటెకిమీడు అన్నాడు చూడండి, పక్షిరాజుకి ఎంత తెలుగు మాట!

అరసున్న: పులుగులకు (పిట్టలకు) రాజు అంటే షష్ఠి, నుగాగమం, అంటే మధ్యలో ను రావాలి కదా? పులుగే ఎకిమీడు (రాజు) అని కర్మధారయం చేస్తేనే టు వస్తుంది. ఆ గడ్డి గూడు చూసి ఆ పిట్టే రాజన్నాడు జాషువా. ఆ ఒక్క టు కోసం ఆయనకి దణ్ణం పెట్టాలి.

వినుకొండ: ఇన్నాళ్ళూ పద్యం పాడుతూ ఈ సంగతి గమనించలేదు. మళ్ళీ మొదటి నుంచి చదువుతాను.

ఖమ్మం టీచరు: గిజిగాడి దగ్గర బాగానే ఉంది గానీ పి, బి ఏమైంది?

కలవింకం: తాతగారి అమరం ఏ ప్రతి? తెలుగు టీక ఉన్న గురుబాలప్రబోధిక అయితే ఊర తర్వాత అరసున్న ఉందో లేదో చూసి చెప్పండి.

పాలపిట్ట: పుస్తకం అన్నయ్య దగ్గర ఉంది, ఆదివారం వెళ్తాను. విశాఖ కొండగారూ, ఇవాళ మళ్ళీ వచ్చాయి, దగ్గర నుంచి చూశాను. రెండింటికి గొంతు కింద నలుపు, నెత్తి బూడిద రంగు. మిగతా మూడూ ఆడవి. ఒకటి కొబ్బరి పీచు నోట కరుచుకుని మా మీటరు పెట్టె వెనక్కి దూరింది.