స్విట్జర్లాండ్ కొండ రైతుకు అంత డబ్బు ఎందుకు?

లెక్కలపద్దు: జ్యూరిక్‌లో తొమ్మిదేళ్లుగా పన్ను కడుతున్నాను. ఈ దేశ స్థూల ఉత్పత్తిలో సేద్యం వాటా ఒక శాతం కూడా లేదు. రైతులకు మాత్రం ఏటా దాదాపు 280 కోట్ల ఫ్రాంకులు నేరుగా ఇస్తున్నారు. పైగా దిగుమతి సుంకాలు. శనివారం మాంసం కోసం రైలెక్కి జర్మనీ వెళ్లి వస్తున్నాను. ఇంతా చేస్తే ఇక్కడ పండేది తినేదాంట్లో సగమే. మానేసి బయట కొనుక్కుంటే పోయేదేమిటి?

పెరుగన్నం: రైలు టికెట్టు కూడా లెక్కలో వేశారా?

గట్టుమీద: పోయేదేమిటో వాళ్లకు 1940లో తెలిసింది. చుట్టూ యుద్ధం. వాలెన్ అనే వ్యవసాయ నిపుణుడి ప్రణాళికతో పార్కులు, ఆటస్థలాలు కూడా దున్ని బంగాళాదుంపలు వేశారు. 1996లో ప్రజలే ఓటేసి రైతు పనులేమిటో రాజ్యాంగంలో రాసుకున్నారు: తిండికి భరోసా, నేల నీరు కాపాడటం, మారుమూల లోయల్లో జనం నిలవడం. డబ్బు ఆ పనులకు.

లెక్కలపద్దు: ఆ యుద్ధంలోనూ రేషన్ తప్పలేదు. సగం సగమే.

గట్టుమీద: సగం పట్టుకుని వదలరా? వాలు ఎక్కువైన కొద్దీ చెల్లింపు ఎక్కువ. బాగా నిటారు చోట ట్రాక్టరు దిగదు, కొన్నిచోట్ల ఇప్పటికీ కొడవలే. గడ్డి కోయకపోతే పొడవుగా పెరిగి పడిపోతుంది, చలికాలంలో దాని మీద మంచు జారుతుంది. పిమ్మట పొదలు, ఆపైన అడవి. మీరు సెలవుల్లో ఫొటోలు తీసే పచ్చిక దానంతటది ఉండేది కాదు.

లెక్కలపద్దు: అంటే తోటమాలి పని. రైతు అనడం దేనికి? 2018లో ఆవుల కొమ్ములు తీసేయకుండా ఉంచితే రైతుకు డబ్బివ్వాలని దేశమంతా ఓటింగు పెట్టారు!

బెర్న్‌వాసి: ఓడిపోయింది. దాదాపు 55 శాతం వద్దన్నారు.

లెక్కలపద్దు: మిగతా 45 శాతం కావాలన్నారుగా.

బెర్న్‌వాసి: కొమ్ములుంటే కొట్టంలో చోటు ఎక్కువ కావాలండీ. ఖర్చు అందుకు.

గట్టుమీద: కొమ్ములు వదిలేయండి. తోటమాలి అన్నారు చూడండి, ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మా నాన్న అనంతపురం జిల్లాలో వేరుశనగ వేసేవాడు. వాన వెళ్లాక గట్లు మేమే వేసుకున్నాం, వంకలో పూడిక మేమే తీశాం. అది పని అని ఒక్కరూ అనలేదు. ఇక్కడ అంటున్నారు, దానికీ మీకు కడుపుమంట.

లెక్కలపద్దు: కడుపుమంటా? నిజామాబాద్ దగ్గర మా ఆరెకరాలు నేనే దగ్గరుండి అమ్మించాను. ఇప్పుడక్కడ ప్లాట్ల రాళ్లు. నాన్న ఆ దారిన వెళ్లే బస్సెక్కడం మానేశారు. మీరు నాకు రైతు బాధ చెప్పక్కర్లేదు.

పెరుగన్నం: కాస్త నెమ్మదించండి ఇద్దరూ.

గట్టుమీద: అమ్మడం తప్పని నేననలేదు. ఇక్కడైతే స్వయంగా సాగు చేసేవాళ్లకు తప్ప పొలం అమ్మడం కష్టం, చట్టమే అడ్డు. అలాంటిది మనకుంటే ఆ రాళ్లు పడేవి కావు.

లెక్కలపద్దు: ఆ ధరా వచ్చేది కాదు. చెల్లెలి పెళ్లి జరిగేది కాదు, నా చదువు సాగేది కాదు. నేనడిగేది పన్ను గురించి మాత్రమే కాదేమో. రైతును నిలబెట్టడానికి ఇస్తున్నారా, కదలకుండా కట్టేయడానికా? ఇంత ఇచ్చినా 1996 నాటికి 80 వేల దాకా ఉన్న కమతాలు ఇప్పుడు 50 వేల లోపే. పిల్లలు వెళ్లిపోతూనే ఉన్నారు.

గట్టుమీద: వెళ్లేవాళ్లు వెళ్లనీ. ఉంటానన్నవాడు అప్పుల పాలు కాకుండా ఉండాలి, అంతే నా వాదన. మా నాన్న ఉంటానన్నాడు.

బెర్న్‌వాసి: 65 దాటితే ఇక్కడా చెల్లింపులు ఆపేస్తారు. పిల్లలు తీసుకోకపోతే పక్కవాడికి కౌలు.

గట్టుమీద: లెక్కలపద్దు గారూ, నాన్నగారు ఇప్పుడు ఎక్కడుంటున్నారు?

లెక్కలపద్దు: హైదరాబాద్‌లో, అయిదో అంతస్తు. కుండీల్లో వంగనారు పోస్తున్నారు. సుంకాల సంగతికి మాత్రం ఎవరూ జవాబివ్వలేదు.