'మదర్!' చిత్రం: బైబిలు ప్రతీకలు తెలిస్తే సరిపోతుందా?

ప్రశ్న:
డారెన్ అరనాఫ్‌స్కీ 2017లో తీసిన 'మదర్!' చూశాను. ఒక కవి, అతడి భార్య ఉండే ఒకే ఇంట్లో ఆదాము అవ్వలు, కయీను హేబెలు, జలప్రళయం వంటి బైబిలు కథలన్నీ జరుగుతున్నాయని గుర్తించిన తరువాత కూడా చివరి ఘట్టాలలోని హింసను భరించలేకపోయాను. ప్రతీక తెలిస్తే సరిపోతుందా, కథ దానంతటదే నిలబడనక్కరలేదా?

మొదటి జవాబు:
కథ నిలబడుతుందనే నేను గట్టిగా నమ్ముతున్నాను. కవి గదిలోని స్ఫటికం పగలగానే అతడు ఆ గదిని మూసివేయడం ఆదాము అవ్వలకు ఏదెను తోట మూతపడటమేనని తెలియని ప్రేక్షకుడికి కూడా, పిలవని అతిథులు తన ఇంటిని ఆక్రమిస్తుంటే ఎవరూ తన మాట వినని ఆ భార్య (చిత్రం పేరులోని తల్లి) నిస్సహాయత స్పష్టంగానే అందుతుంది. నేపథ్య సంగీతం లేకుండా, కెమెరా ఆమెను విడవకుండా వెంటాడటం వల్లనే ఆ ఊపిరాడనితనం మనదవుతుంది.

రెండవ జవాబు:
నేను అంగీకరించలేను. ఆ దంపతుల శిశువు మరణించిన తరువాత జనం ఆ మాంసాన్ని తినడం ప్రభు భోజనానికి (రొట్టెను, ద్రాక్షరసాన్ని క్రీస్తు శరీర రక్తాలుగా స్వీకరించే క్రైస్తవ ఆచారానికి) ప్రతీక అని తెలిసినా, విశ్వాసులకు అత్యంత పవిత్రమైన సంస్కారాన్ని అంత క్రూరంగా చూపడానికి తగిన కారణం నాకు చిత్రంలో కనిపించలేదు. పాత్రలకు పేర్లు కూడా లేనప్పుడు వారి దుఃఖం మనుషుల దుఃఖంలా తోచదు.

మూడవ జవాబు:
ఇలాంటి అసంతృప్తికి చిత్రాన్ని ప్రచారం చేసిన తీరు కూడా కొంత కారణం. భయానక చిత్రాన్ని ఆశించి వచ్చిన అమెరికా ప్రేక్షకుల నుండి సినిమాస్కోర్ సర్వేలో (విడుదల రోజున ప్రేక్షకుల అభిప్రాయం అడిగి గ్రేడు ఇచ్చే సర్వే) దీనికి అన్నిటికంటే తక్కువదైన ఎఫ్ గ్రేడు వచ్చింది. రెండవ జవాబు రాసినవారిని ఒకటి అడుగుతాను: ఆ తల్లిని భూమిగా భావించి చూసినా మీ అభ్యంతరం అలాగే ఉంటుందా?