అప్‌డేట్: కుండీల తడికి ఉబ్బిన షెల్ఫ్ సంగతి తేలింది

రెండు నెలల కిందట అడిగాను కదా, ఒంగోలులో మా హాల్లో మనీప్లాంట్ కుండీలు పెట్టిన పార్టికల్ బోర్డు (రంపపుపొట్టును జిగురుతో నొక్కి చేసే చెక్క) షెల్ఫ్ ఉబ్బిపోతోంది, బదులుగా ఏది వేయించాలి అని. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

గోడ చెమ్మే కారణమని ఎక్కువమంది అన్నారు. నేనూ అదే టెన్షన్‌తో ముందే వాటర్‌ప్రూఫ్ పెయింటు వేయించాను. దండగ ఖర్చు! కార్పెంటర్ షెల్ఫ్ ఊడదీస్తే గోడ వైపు అంచు పొడిగానే ఉంది. ముందు వైపు అంచుకు అతికించిన టేపు లేచిన చోట వేలితో నొక్కితే మాత్రం తడి రంపపుపొట్టు ఊడొచ్చింది. కుండీల నుంచి కారిన నీళ్లు అక్కడ దిగాయన్నమాట.

ఇనుప స్టాండు వద్దనుకున్నాం, ఈ ఉప్పుగాలికి బాల్కనీ గ్రిల్లే తుప్పు పట్టింది. ఐఎస్ 710 గుర్తున్న, తడిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ మంచిదే కానీ అంచులు సీల్ చేయాల్సిందే అన్నాడు కార్పెంటర్.

చివరికి మీలో కొందరిచ్చిన గ్రానైట్ పలక సలహానే పనికొచ్చింది. గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి పక్కనే కదా, కోతలో మిగిలిన గెలాక్సీ (అక్కడి నల్ల గ్రానైట్) ముక్కలు రెండు తెచ్చుకున్నాం. మూడడుగుల పొడవు, తొమ్మిది అంగుళాల వెడల్పు, 18 మి.మీ. మందం ఉన్న ముక్క ఒక్కటే దాదాపు పది కిలోలు. అందుకే స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రాకెట్లు, గోడలో గట్టిగా బిగుసుకునే యాంకర్ బోల్టులు వేయించాం. కుండీల కింద ప్లేట్లు కూడా పెట్టాం. నెలన్నరగా రోజూ నీళ్లు పోస్తున్నా గుడ్డతో తుడిస్తే చాలు. ఆ నల్లరాతి మీద మట్టి మరక ఇట్టే కనబడుతుందని మా అమ్మ సణుగుడు ఒక్కటే మిగిలింది.