అప్‌డేట్: మా ల్యాబ్‌మేట్ వాళ్ళ అమ్మగారికి వీసా వచ్చేసింది!

రెండు నెలల కిందట ఇక్కడ అడిగాను కదా: జర్మనీలో నాతోపాటు పీహెచ్‌డీ చేస్తున్న ఘనా అబ్బాయి వాళ్ళమ్మని పిలిపించుకోవాలి, ఆవిడది కుమాసీలో బట్టల కొట్టు, జీతం స్లిప్పులుండవు, తిరిగెళ్తుందని ఎలా చూపించాలి అని. వీసా వచ్చిందండీ, చెప్పినవాళ్ళందరికీ దండం!

బాగా పనికొచ్చింది హామీ పత్రం. అమ్మ ఖర్చులన్నీ నావే అని వాడు ఇక్కడి విదేశీయుల ఆఫీసులో సంతకం చేశాడు, ఫీజు 29 యూరోలు. ఆవిడేమో కొట్టు రిజిస్ట్రేషన్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, చేత్తో రాసిన అప్పుల ఖాతా పుస్తకం కూడా పట్టుకెళ్ళింది. ఆ పుస్తకం ఫొటో చూస్తే మా ఊళ్ళో అమ్మమ్మ పద్దుల పుస్తకమే గుర్తొచ్చింది నాకు.

వీసా ఫీజు 90 యూరోలు, ప్రయాణానికి తీసుకునే హెల్త్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ఒక్క మాట: పాస్‌పోర్టులో అంటించే వీసా స్టిక్కర్ మీద చెల్లుబాటు తేదీలు వేరు, ఉండనిచ్చే రోజులు వేరు. ఆవిడకి 30 రోజులే ఇచ్చారు. టికెట్ దాన్నిబట్టే కొన్నాం. కాగితాల కాపీలు హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకోమన్నాం, దిగాక ఇమిగ్రేషన్‌లో మళ్ళీ అడగొచ్చు.

శుక్రవారం దిగుతున్నారు. వాడు గది మూడుసార్లు తుడిచాడు.