రెండో రౌటర్ పెట్టాక పై గది కంప్యూటర్ల ఫోల్డర్లు తెరుచుకోవడం లేదు

ప్రశ్న: మోడెం రౌటర్‌కి రెండు కంప్యూటర్లు కలిపాను. పై గదిలో ఇంకో రౌటర్ పెట్టి దానికి మరో రెండు. నెట్ అన్నిట్లోనూ వస్తోంది. కానీ కింద నుంచి పైవాటి ఫోల్డర్లు తెరుచుకోవట్లేదు. ఎందుకండీ?

జవాబు: రెండో రౌటర్‌లో కింది రౌటర్ నుంచి వచ్చే కేబుల్ వాన్ పోర్టులో (ఇంటర్నెట్ లైను పెట్టే చోట) పెట్టి ఉంటారు. అలాగైతే అది వేరే నెట్‌వర్క్ అవుతుంది, కింద నుంచి వచ్చే కనెక్షన్లను ఆపేస్తుంది. ముందు దాని లాన్ ఐపీని (ఇంటి నెట్‌వర్క్‌లో దాని అడ్రసు) 192.168.1.2 చేయండి (మొదటిది 192.168.1.1 అయితే). డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకి అడ్రసులు పంచే పని) ఆపేయండి. ఆ తర్వాతే కేబుల్‌ని లాన్ పోర్టులోకి (కంప్యూటర్లు పెట్టే చోటుకి) మార్చండి. వరుస తప్పితే రెండు రౌటర్లూ అడ్రసులు పంచుతాయి, తప్పు గేట్‌వే (నెట్‌కి దారి చూపే రౌటర్ అడ్రసు) అందిన కంప్యూటర్‌కి నెట్ పోతుంది.

జవాబు: ఆ 192.168.1.2 మొదటి రౌటర్ పంచే అడ్రసుల రేంజిలో ఉండకూడదు, అది కూడా చూసుకోండి. విండోస్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ 'ప్రైవేట్'గా పెట్టండి.

జవాబు: రెండు రౌటర్ల మధ్య కేబుల్ క్యాట్ 5ఈ రకం చాలు, 100 మీటర్ల వరకు గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వస్తుంది. స్పీడు 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగితే, పోర్టులు గిగాబిట్‌వే అయితే, ముందు క్రింపింగ్‌ని (కేబుల్ చివర ప్లగ్ బిగించిన తీరుని) అనుమానించండి: గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల వైర్లూ కావాలి.