‘కజిన్-జర్మన్’: నకలులో ఉంచాలా, మార్చాలా?

తాళపత్రం: 18వ శతాబ్దపు ఇంగ్లండు వీలునామాల్లో ‘కజిన్-జర్మన్’ అని కనిపిస్తుంది. జర్మనీకీ దీనికీ సంబంధం లేదు. తోడబుట్టినవాడు అని చెప్పే లాటిన్ ‘జెర్మానుస్’ ఫ్రెంచి మీదుగా ఇలా వచ్చింది. అర్థం ఫస్ట్ కజినే, అంటే తల్లి/తండ్రి తోబుట్టువు బిడ్డ. ఇంగ్లీషువాళ్ళే దాదాపు వదిలేసిన మాట. నకలు రాసేటప్పుడు ‘ఫస్ట్ కజిన్’ అని మార్చేస్తే పోయేదేముంది?

నకలు గుమాస్తా: పోతుందండీ. ఆ కాలంలో ఒట్టి ‘కజిన్’ అంటే చుట్టాల్లో ఎవరైనా కావచ్చు. షేక్‌స్పియర్ నాటకంలో క్లాడియస్ తన సోదరుడి కొడుకు హామ్లెట్‌నే కజిన్ అంటాడు (మనకైతే కొడుకు వరస!). ఆ వదులుతనాన్ని బిగించేదే ‘జర్మన్’. ఒకే వీలునామాలో ఒకరు ‘కజిన్’, ఇంకొకరు ‘కజిన్-జర్మన్’ అయితే, మీరు రెండోదాన్ని ‘ఫస్ట్ కజిన్’ చేయగానే చదివేవాళ్ళు మొదటాయన్ని సెకండ్ కజిన్ అనుకుంటారు. ఆయన మేనల్లుడైనా కావచ్చు.

దస్త్రాలగది: స్కాట్లాండ్ కాగితాలైతే ఇంకా జాగ్రత్త. అక్కడ ‘బ్రదర్-జర్మన్’ అంటే తల్లీతండ్రీ ఇద్దరూ ఒకరే అయిన సోదరుడు. తండ్రి మాత్రమే ఒకరైతే ‘కన్‌సాంగ్వీనియన్’, తల్లి మాత్రమే ఒకరైతే ‘యుటరైన్’. తోబుట్టువులకు ఆస్తి వెళ్ళే సందర్భంలో, పూర్తి రక్తసంబంధీకులు ఉండగా సగం సంబంధీకులకు వాటా రాదు. ‘జర్మన్’ అలంకారమని కొట్టేస్తే వారసుడెవరో తేలదు.

తాళపత్రం: బ్రదర్ సంగతి సరే. తెలుగులోకి మాత్రం ‘జ్ఞాతి’ అని తెస్తే సరిపోదా?

నకలు గుమాస్తా: చాలదు. జ్ఞాతి తండ్రివైపు దాయాదే. కజిన్-జర్మన్‌లో మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని పిల్లలూ ఉంటారు. ఇంటిపేరు కలిస్తే తండ్రి సోదరుడి సంతానం కావచ్చు, అదొక్కటే రుజువు కాదు. కలవకపోయినా చిన్నాన్నగారి పెళ్ళయిన కూతురు కావచ్చు. చర్చి బాప్తిస్మ రిజిస్టర్లో తల్లిదండ్రులు తేలేదాకా తెలుగు వరస ఖాయం చేయకండి.

దస్త్రాలగది: పక్కన ‘వన్స్ రిమూవ్డ్’ ఉంటే ఉమ్మడి పూర్వికుల నుంచి ఇద్దరికీ తరాలు లెక్కపెట్టండి (వాళ్ళ పిల్లలు 1, మనవలు 2). ఒకరికి 2, ఇంకొకరికి 3 వస్తే, చిన్న అంకెలోంచి 1 తీసేస్తే ఫస్ట్ కజిన్. తేడా 1 కనుక వన్స్ రిమూవ్డ్. అంటే కజిన్ బిడ్డ, లేదా తల్లి/తండ్రికి కజిన్. దీన్నే సెకండ్ కజిన్ అని రాసేస్తుంటారు, సెకండ్ కజిన్‌కు రెండువైపులా 3 రావాలి.

తాళపత్రం: అయితే నకలులో ‘జర్మన్’ ఉంచి, అర్థం పక్క గడిలో రాద్దాం. అనువాదంలో మాత్రం ఉంచను. తెలుగు పాఠకుడికి బెర్లినే గుర్తొస్తుంది.